చప్పుడు లేని పెట్టె

నెల్లూరులోని జయకుమార్ కంప్యూటర్ షాపులో సంజీవరావు ఏసీ ఆపించాడు. పైన తిరిగే ఫ్యానూ ఆపించాడు. ట్రంకు రోడ్డు మోత లోపలికి రాకుండా అద్దాల తలుపు కూడా దగ్గరికి వేయించి, బల్ల మీద కంప్యూటరు సామాను బిగించే క్యాబినెట్ పెట్టెలు రెండు పక్కపక్కన పెట్టించాడు. పాపం జయకుమార్ చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కంప్యూటర్ కొనవచ్చినవాళ్ళు స్పీడెంత అంటారు, గేములు ఆడుతుందా అంటారు. ఈయన మాత్రం అది నోరు మూసుకుని ఉంటుందా అని అడుగుతున్నాడు.

అడగడానికి కారణం లేకపోలేదు. మైపాడులో సంజీవరావు ఇంటి హాల్లోనే ప్రతి శనివారం చర్చి క్వయర్ ప్రాక్టీసు జరుగుతుంది. ఎక్కడెక్కడి క్వయర్లు పాడిన పాటలు టీవీలో పెట్టి చూపించాలి, పాట అక్షరాలు తెర మీద పెద్దవిగా వేయాలి, మిగతా రోజుల్లో భార్య ఎలిశబెతు సినిమాలు చూసుకోవాలి. అందుకొక కంప్యూటరు. అది టీవీ కింది అరలో అణకువగా ఇమిడిపోవాలి, పాట నడుస్తున్నంతసేపూ అక్కడొక యంత్రం ఉందని ఎవరికీ తెలియకూడదు. పగలంతా పడవ ఇంజన్ల షెడ్డులో మోత మధ్య బతికే మనిషికి, పాట దగ్గర చీమ చిటుక్కుమన్నా ఒళ్ళు మండుతుంది.

మిగతా సామాను ఎంపిక తేలిగ్గానే అయిపోయింది. సినిమాలకూ పాటలకూ విడిగా గ్రాఫిక్స్ కార్డు దండగ, ఆ పని ప్రాసెసరే చూసుకుంటుంది, కార్డు పెడితే దాని వేడి వేరే, దాని ఫ్యాను గోల వేరే అన్నాడు జయకుమార్. సంజీవరావు సరేనన్నాడు. లోపల గిరగిర తిరిగే డిస్కు వద్దు, తిరగని ఎస్‌ఎస్‌డీ చాలన్నాడు. దానికీ సరే. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మాత్రం మంచిది వేసుకోమన్నాడు, సముద్రపు గాలికి చవక సరుకు నిలవదని. ఆ సంగతి సంజీవరావుకు ఒకరు చెప్పాలా. ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఇంజన్లు విప్పీ విప్పీ వేళ్ళు కాయలు కాసినవాడు.

చిక్కంతా క్యాబినెట్ దగ్గరే వచ్చింది. మొదటిది వెడల్పుగా, కొంచెం ఎత్తుగా, పాతకాలపు ఆంప్లిఫయరులా ఉంది. దాని వెనక సాసరంత ఫ్యాను నిదానంగా తిరుగుతోంది. రెండోది పలచగా, పెద్దచ్చు బైబిలంత మందాన, నల్లగా నిగనిగలాడుతోంది. దానికి పక్కన అగ్గిపెట్టెంత ఫ్యాన్లు రెండు. సంజీవరావు కళ్ళు మూసుకుని మొదటి పెట్టె దగ్గర చెవి పెట్టాడు. గుమ్మంటా ఉండాదే అని పెదవి విరిచాడు. రెండో పెట్టె దగ్గర పెట్టాడు. చాలాసేపు పెట్టి, విచ్చుకున్న ముఖంతో లేచాడు.

"ఇదీ పెట్టెంటే. అసలు తిరగతా ఉండాదా లేదా అన్నట్టుండాది."

జయకుమార్ తెల్లబోయాడు. "అన్నా, అది చిన్న ఫ్యాను గదా. చిన్నది జోరుగా తిరగాల. జోరుగా తిరిగితే..." అని ఆగి, ఎలిశబెతు వైపు చూశాడు. ఆమె స్టూలు మీద కూర్చుని సంచి కాడలు మెలిపెడుతోంది. తల ఎత్తకుండానే, "ఆయనకు నచ్చిందే ఇచ్చెయ్ నాయనా," అంది. జయకుమార్ అట్టపెట్టె తెచ్చి ప్యాకింగు మొదలుపెట్టాడు.

తిరుగు బస్సులో అట్టపెట్టెను ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు సంజీవరావు. ఇందుకూరుపేట దాటాక ఎలిశబెతు మెల్లగా మాట కదిపింది. ఇంకో రెండు వారాల్లో చర్చి వార్షికోత్సవం, మొదటి పాట ఎత్తుకోవడానికి రెబెక్కమ్మనే పిలిస్తే బాగుంటుందేమోనంది. సంజీవరావు చిరాకుపడ్డాడు. తెగిపోయిన మాట మళ్ళీ ఎందుకు తెస్తావన్నాడు.

రెబెక్కమ్మ బస్టాండు దగ్గర టిఫిను బంకు నడుపుతుంది. క్వయర్‌లో అందరికంటే పెద్దది, పండగ పాట ఏదైనా ఆమె ఎత్తుకోవాల్సిందే. అలాంటి మనిషిని కిందటి నెల ప్రాక్టీసులో, పాట మధ్యలో చెయ్యెత్తి ఆపాడు సంజీవరావు. పైకి పోయేకొద్దీ గొంతు జారిపోతోందని, వయసు మీద పడ్డాక మనమే తెలుసుకుని వెనక నిలబడాలని అందరి ముందూ అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా, ఏమంటారని మిగతావాళ్ళను అడిగాడు. ఎవరూ తల ఎత్తలేదు. అవునన్నా, అవునన్నా అని గొణిగారు. రెబెక్కమ్మ పాట కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జాకెట్లో దోపుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ పాట షారన్‌కు ఇచ్చారు, నర్సింగు చదివే పిల్ల.

తను చెప్పింది నిజమైనప్పుడు మొహమాటమెందుకన్నది సంజీవరావు పద్ధతి. ఒడ్డున నిలబడి, వచ్చే పడవ చప్పుడు విని అది ఎవరిదో, ఎక్కడ నలుగుతోందో చెప్పేవాడని పేరు. ఆ చెవి మీద నమ్మకంతోనే ఊరు ఇంజన్లనూ, చర్చి పాటనూ అతని చేతిలో పెట్టింది.

జయకుమార్ బిగించి ఇస్తానన్నా ఒప్పుకోకుండా, శుక్రవారం ఇంటి దగ్గర తనే కూర్చున్నాడు. హాల్లో పాత పేపర్లు పరిచి, స్టీలు పళ్ళెంలో స్క్రూలు పోసుకుని, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. డీజిలు వాసన ఆ బోర్డుకు అంటితే దానికి కోపం వస్తుందేమో అన్నంత జాగ్రత్త. ప్రాసెసరును గళ్ళలో కూర్చోబెట్టి, వేడి లాగే పేస్టు చిటికెన వేలి గోరంత రాసి, పైన పలచటి కూలరు బిగించాడు. నాలుగు స్క్రూలనూ ఒకేసారి బిగించకుండా, ఎదురెదురువి కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ వచ్చాడు. ఇంజను హెడ్డు బిగించే పద్ధతే అది. వైర్లను బోర్డు అంచు వెంట పోనిచ్చి, దారంతో కట్టి, మిగిలిన కొసలు కత్తిరించాడు.

మధ్యలో ఎలిశబెతు వంటింట్లోంచి వచ్చి, అతని మోకాలి పక్కన పడున్న ఫోను తీసి చేతికిచ్చింది. ఎవరో పడవ యజమాని. ఆమె ఎప్పుడూ ఇలాగే, అటుగా పోతూ పోతూ అందించినట్టు అందిస్తుంది. దాని గురించి సంజీవరావు ఎన్నడూ ఆలోచించలేదు.

శనివారం క్వయర్ వచ్చేసరికి పెట్టె టీవీ కింద కొలువుతీరింది. లోపలి పనితనం నలుగురూ చూడాలని మూత ఇంకా మూయలేదు. టీలు తర్వాత తాగవచ్చని అందరినీ కూర్చోబెట్టాడు. కిటికీలు వేశాడు. స్విచ్చి నొక్కి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"ఎవురూ మాట్లాడబాకండి. ఏమన్నా వినపడతా ఉండాదేమో చూడండి."

కొత్త బట్టలు కట్టుకున్న పిల్లాడిలా ఉంది అతని ముఖం. షారన్ పక్కనున్నవాళ్ళ వైపు చూసింది. గిటారు వాయించే సుశీల్ కుమార్ చెవి దగ్గర వేలు పెట్టుకుని, చటుక్కున తీసేశాడు. ముందు షారనే, ఏం లేదు మామయ్యా అంది. అస్సల్లేదన్నా అన్నాడు సుశీల్. మిగతావాళ్ళు కూడా లేదన్నా, లేదన్నా అన్నారు. సంజీవరావు కడుపు నిండిపోయింది. నెల్లూరులో రెండు పెట్టెలు చూసి తను దీన్నెలా పట్టుకున్నాడో చెప్పబోతూ, పెట్టె అంచు మీద చెయ్యి వేశాడు.

అరచేతి కింద సన్నటి వణుకు తగిలింది.

వేళ్ళు కదిలించి, ఫ్యాన్ల దగ్గరకు జరిపాడు. అక్కడ వణుకు ఇంకా జోరుగా ఉంది. ఇంజను మీద చెయ్యి ఆనించి దాని కడుపులో నొప్పి ఎక్కడో చెప్పే మనిషి అతను. ఇంత సన్నగా, ఇంత వేగంగా వణికేది ఏదైనా కుయ్యిమనకుండా ఉండదని అతనికి తెలుసు. చెవికి మాత్రం ఏమీ రావడం లేదు. తల ఎత్తి వాళ్ళ ముఖాలు చూశాడు. ఇందాకటి నుంచి కనపడుతున్నవే, చూడలేదు. షారన్ కనుబొమలు దగ్గరకు ముడుచుకుని ఉన్నాయి. సుశీల్ దవడ బిగబట్టుకున్నాడు.

సంజీవరావు రెండు వేళ్ళు చాపి, రెండు ఫ్యాన్ల నడుమనున్న బొడిపెలను మెల్లగా నొక్కాడు. ఫ్యాన్లు ఆగాయి. ఎదురుగా కూర్చున్నవాళ్ళ భుజాలు దిగాయి. షారన్ నొసలు విచ్చుకుంది. ఎవరో హాయిగా ఊపిరి వదిలారు. వేళ్ళు తీశాడు. నొసళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ తీశాడు. చప్పుడు వినాల్సినవాడు వాళ్ళ ముఖాల్లో దాన్ని చూశాడు.

స్విచ్చి ఆపేసి, ఈ పూటకు ఇది వద్దులే, మామూలుగానే పాడుకుందామన్నాడు. పాట మొదలైంది. మగ గొంతులు బాగానే వస్తున్నాయి. షారన్ పైస్వరం అందుకుంది, ఆ పిల్ల నోరు తెరుచుకోవడం, మెడ నరం పొంగడం కనపడ్డాయి, దుప్పటి చాటు నుంచి వచ్చినట్టు ఏదో కొంచెం వినపడింది. ఇది ఈ రోజు వచ్చింది కాదు. షారన్‌వి లేత ఊపిరితిత్తులు, పిల్లకింకా బలం చాలదని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాడు. రెబెక్కమ్మది ముసలి గొంతని తీసేశాడు. ఇందాక వీళ్ళన్న లేదన్నా, ఆ రోజు వీళ్ళే అన్న అవునన్నా, రెండూ ఒకేలా ఉన్నాయి. అదే గొణుగుడు, అవే నేలచూపులు. సంజీవరావుకు నడివీధిలో పంచె ఊడినట్టయింది. ఎత్తిన చెయ్యి దించడానికి కూడా ధైర్యం చాలక, పాట అయిందాకా అలాగే ఊపుతూ నిలబడ్డాడు.

అందరూ వెళ్ళాక, ఎలిశబెతు టీ గ్లాసులు ఏరుతుంటే, ఎన్నాళ్ళ నుంచి తెలుసని అడిగాడు. ఏది అని ఆమె అడగలేదు. గ్లాసులో గ్లాసు దూరుస్తూ, "కుక్కరు విజిలేసినా నువ్వు తల తిప్పడం మానేసిన కాడ్నించి," అంది.

"చెప్పలేదేం మే?"

"ఎట్టా చెప్పేది. పొద్దస్తమానం గ్రీజులో పొర్లాడి వొస్తావు. ఆ పాట కాడ నిలబడితేనే నీకు మనిషినన్న ధ్యాస. అది గూడా తీసేసేదానికి నాకు నోరు రాలా."

అతను ఆ తెరిచిన పెట్టె వైపు చూశాడు. దారంతో కుదురుగా కట్టిన వైర్లు, తళతళలాడే స్క్రూలు. అంత జాగ్రత్తా ఎందుకు పనికొచ్చింది. రెబెక్కమ్మ ఆ రోజు సరిగ్గానే పాడిందా అని అడిగాడు.

"బాగా పాడింది," అంది ఎలిశబెతు. "నేను ఆ పొద్దే నోరు తెరవాల్సింది. నీ పరువు చూసుకున్నా గానీ ఆమెది చూడలా."

ఆ రాత్రి ఇద్దరూ అన్నం కెలికి లేచారు.

ఆదివారం చర్చికి పోవడానికి సంజీవరావుకు ముఖం చెల్లలేదు. పోకపోతే ఇంకా నలుగురూ అడుగుతారు. ఎలాగో పోయి, క్వయర్ ముందు నిలబడకుండా వెనక బెంచీలో కూర్చుని, జలుబని చెప్పాడు. అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. పాస్టరు గారు ప్రార్థనలో సహోదరుడు సంజీవరావు జలుబు గురించి దేవుడికి ప్రత్యేకంగా మనవి చేశారు, సంఘమంతా ఆమెన్ అంది. తల వంచుకుని కూర్చున్న సంజీవరావుకు, బెంచీ కింద దూరే చోటుంటే దూరిపోదామనిపించింది.

సంఘమంతా నిలబడి పాడేటప్పుడు ఆడవాళ్ళ వైపు చూశాడు. రెబెక్కమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. పాటల పుస్తకం తెరిచి, వేలితో చరణం వెంట పోతోంది. పెదవులు మాత్రం కదలడం లేదు. రెండో పాటకూ అంతే. ఆరాధన అయ్యాక ఆమె దగ్గరకు పోదామనుకుని గుమ్మం దాకా వచ్చాడు. చుట్టూ జనం. చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వంగి, ఆమె వెళ్ళిపోయిందాకా వంగే ఉన్నాడు.

సోమవారం పొద్దున్నే పలచ పెట్టెలోంచి సామానంతా విప్పి గుడ్డలో చుట్టి, ఖాళీ క్యాబినెట్‌ను అట్టపెట్టెలో పెట్టాడు. జయకుమార్ మార్చిస్తాడో లేదో, ఇవ్వకపోతే ఆ గుమ్మనే పెట్టెను కొత్తగా కొనాల్సిందే. ఎలిశబెతును కూడా బయల్దేరమన్నాడు. "ఈసారి వినేది నువ్వు," అన్నాడు. ఆమె చీర మార్చుకుంది.

నెల్లూరు బస్సు బస్టాండులో ఆగి ఉంది. డ్రైవరూ కండక్టరూ రెబెక్కమ్మ బంకు ముందు బల్ల మీద కూర్చుని టిఫిను తింటున్నారు. వలలకు పోయే ఇద్దరు ముగ్గురు టీ కోసం చూస్తున్నారు. సంజీవరావు కాళ్ళు బస్సు వైపే లాగాయి. వాళ్ళంతా వెళ్ళాక సాయంత్రం వచ్చి చెప్పవచ్చునని మనసు నచ్చజెప్పింది. కానీ ఆమెను అన్నది నలుగురి ముందు. చాటుగా సర్దుకుంటే అది దొంగతనమే అవుతుంది. అట్టపెట్టె కిందపెట్టి, పెనం ముందు నిలబడ్డాడు.

"రా అన్నా. ఏం పెట్టేది?" అంది రెబెక్కమ్మ. ఆమె ముఖంలో కోపం లేదు. అదే భరించలేకపోయాడు.

"తినేదానికి రాలేదు మా. ఆ రోజు నీ గొంతు జారలా. నాకే చెవులు చెడినయ్. సన్న చప్పుళ్ళు నాకు వినపడటంలా. అది తెలవక నిన్ను అందరి ముందరా అంత మాటన్నాను."

కండక్టరు నమలడం ఆపాడు. వలలకు పోయేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ మాట ఎండెక్కేలోగా ఒడ్డు పొడుగునా పాకుతుందని, రేపటి నుంచి పడవలవాళ్ళు ఇంజను పక్కన నిలబెట్టి తనను మరోలా చూస్తారని సంజీవరావుకు తెలుసు. తెలిసే నిలబడ్డాడు. చెవుల కొసలు కాలిపోతున్నాయి.

రెబెక్కమ్మ పిండి గరిటెతో తీసి పెనం మీద వేసి, నిదానంగా గుండ్రంగా తిప్పింది. చుట్టూ నూనె చుక్కలు వేసింది.

"నువ్వు చెప్పినాక నేను ఇంట్లో గూడా పాడలా అన్నా," అంది, దోసెనే చూస్తూ. "చర్చిలో పక్కనోళ్ళకు రోతగా ఉంటదని నోరు మూసుకున్నా. మా ఆయన పోయిన పొద్దు గూడా పాడినదాన్ని. సంజీవన్న చెవి తప్పు పోదు గదా, నా గొంతే పోయిందనుకున్నా."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. క్వయర్‌లో మిగతావాళ్ళు తన చెవిని అనుమానించి ఊరుకున్నారు. పూర్తిగా నమ్మిన మనిషి ఈమె ఒక్కతే, తను నోరు మూయించిందీ ఈమెనే. కళ్ళు నేలకు దించుకున్నాడు.

"అయితే ఇప్పుడు చెప్పన్నా. నా గొంతు బాగుండాదా?"

ఇన్నేళ్ళూ ఎవరు ఏ పాట పాడినా ఆ మాట చెప్పింది అతనే. బాగుంది, జారింది, ముందుకు రా, వెనక్కి పో. ఇప్పుడూ బాగుందమ్మా అని ఒక్క మాట అనేస్తే తేలికైపోతుంది. కానీ విననిది విన్నానని చెప్పడమే కదా ఇంతదాకా తెచ్చింది.

"నాకు తెలవదు మా," అన్నాడు. "చెప్పేదానికి నా దగ్గర చెవి లేదు. ఎలిశబెతునడుగు. ఈళ్ళనడుగు."

రెబెక్కమ్మ గరిటె పక్కన పెట్టి ఎలిశబెతు వైపు చూసింది. ఎలిశబెతు కళ్ళు తుడుచుకుని, "పాడొదినా," అంది.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది, సిగ్గుపడింది, మళ్ళీ సవరించుకుంది. వార్షికోత్సవానికి ఆమె దగ్గర తీసేసిన పాటే ఎత్తుకుంది. కింది స్వరాలు సంజీవరావుకు అందాయి, కొంచెం బొంగురుగా, నెల్లాళ్ళ దుమ్ము పట్టినట్టుగా. పాట పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఆ తర్వాత అతనికి ఏమీ లేదు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది, నోరు తెరుచుకుని ఉంది, మెడ మీద నరం నిలబడింది. అంతే.

అతను మిగతావాళ్ళ ముఖాలు చూశాడు. కండక్టరు చేతిలో దోసె ముక్క పచ్చడిలో ముంచింది ముంచినట్టే ఉంది. బస్సు తీయడానికి లేచిన డ్రైవరు మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. బస్సులోంచి ఎవరో తల బయట పెట్టి చూస్తున్నారు. ఎలిశబెతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ముఖాల్లో పాట ఇంకా పైకి పోతూనే ఉంది.

పెనం మీద దోసె అంచులు ఎర్రబడి పొగ లేచింది. ఎవరూ చూసుకోలేదు. వాసన మాత్రం సంజీవరావుకు తెలిసింది. బంకు పక్క నుంచి చుట్టి లోపలికి వెళ్ళి, పాటకు అడ్డం రాకుండా ఒదిగి నిలబడి, అట్లకాడ తీసుకుని దోసెను తిరగేశాడు.